గ్రీసు పడవ ఎక్కాలనుకుని మోటుపల్లి రేవుకు వెళ్లాను

ఈ ఎపిసోడ్ మామూలు కంటే కొంచెం పొడుగు. బస్సులో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఊరు వచ్చేలోపు అయిపోతుంది.

టైటిల్ చూసి కొంతమంది "ఆలూరోడికి పడవేంది, గ్రీసేంది" అని ఇప్పటికే కామెంట్ టైప్ చేస్తుంటారు. ఆగండి. నాకూ మొదట అదే డౌట్. మా ఊళ్లో వంక పారితేనే పండగ. నేను సముద్రం మొదటిసారి చూసింది బీటెక్ మూడో ఏడు టూర్‌లో, వైజాగ్‌లో. అది కూడా రాత్రి ఎనిమిదింటికి. సౌండ్ మాత్రమే వినపడింది.

అసలు విషయానికి వస్తా. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు నాకొక పిచ్చి ఉండేది. నైట్ షిఫ్ట్‌లో సర్వర్లు గొడవ చేయకుండా ఉన్నాయంటే, రెండో స్క్రీన్‌లో గ్రీసు పడవల వీడియోలు పెట్టుకునేవాణ్ణి. చిన్న తెరచాప పడవ, అందులో ఇద్దరో ముగ్గురో. ఈరోజు ఒక చిన్న ఊరి రేవు, రేపు ఇంకో ఊరి రేవు. పోరోస్, హైద్రా, ఎర్మియోని, మొనెమ్‌వాసియా... పేర్లు నాకు ఆదోని, పత్తికొండ, ఎమ్మిగనూరు లాగా నోటికొచ్చేశాయి.

ఆ వీడియోల్లో నాకు బాగా నచ్చినవి ఏప్రిల్ నెలలో తీసినవి. అంటే టూరిస్టులు రాకముందు. హోటళ్లు సగం మూసి ఉంటాయి. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. గట్టు మీదకు లాగిన పడవలకు రంగులు వేస్తుంటారు. ముసలాయన ఒకాయన వలలు బాగు చేస్తూ, "ఎక్కడి నుంచి వస్తున్నారు" అని అడుగుతాడు. జూలై, ఆగస్టు వచ్చిందంటే ఆయనకు అడిగే తీరిక ఉండదు. అడుగుపెట్టే చోటు కూడా ఉండదు.

ఇంకో కారణం గాలి. ఏజియన్ సముద్రంలో ఎండాకాలం నడిమధ్యలో ఉత్తరం నుంచి ఒక గాలి వీస్తుంది. దాన్ని మెల్టెమి అంటారు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి మాత్రం రోజుల తరబడి ఆగదు. చిన్న పడవలోళ్లు రేవులో కూర్చుని ఎదురుచూడాల్సిందే. ఏప్రిల్‌లో ఆ బెడద తక్కువ. గాలి ఇవాళ ఒక పక్క నుంచి, రేపు ఇంకో పక్క నుంచి రావచ్చు గానీ, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరడానికి వీలుంటుంది.

ఆ పడవల స్పీడు ఎంతో తెలుసా? గంటకు పది కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. మా ఊరి ఎక్స్‌ఎల్ బండి కంటే చాలా తక్కువ. పొద్దున టిఫిన్ తిని బయలుదేరితే మధ్యాహ్నానికి ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో ఇంకో ఊరు. చీకటి పడేలోపు పడవకు ఒక చోటు కావాలి. ఆ చోటు ఉన్న దగ్గరే ఊరు బతుకుతుంది. నెట్‌వర్క్ చదువుకున్నోళ్లకు చెప్పాలంటే, ఒక్కో రేవు ఒక్కో హాప్ అన్నమాట.

సరే, నేను కూడా వెళ్దామని ఎక్సెల్ షీట్ వేశా. షెంజెన్ వీసా, ఫ్లైట్, పడవ అద్దె. అక్కడ పడవ మనకు మనమే నడుపుకోవాలంటే సర్టిఫికెట్ కావాలి, లేదంటే నడిపే మనిషిని జీతానికి పెట్టుకోవాలి. అదీ కలిపా. కింద వచ్చిన టోటల్ చూసి, షీట్ సేవ్ చేయకుండానే మూసేశా.

అలా మూసేసిన చాలా రోజులకు, ఉద్యోగం మానేసి ఊరికి వచ్చాక, ఒక ఆదివారం ఎర్రగుడికి వెళ్లా. మన కర్నూలు జిల్లా ఎర్రగుడే, తుగ్గలి మండలం. ఆలూరు నుంచి పత్తికొండ మీదుగా బైక్ మీద గంటన్నర. అక్కడ రాళ్ల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. 14 ప్రధాన శిలాశాసనాలు, వాటితో పాటు చిన్న శాసనం. మన పక్కనే ఉన్నాయి కదా అని మనం పట్టించుకోం.

ఆ 14లో 13వ శాసనం గురించి ఫోన్‌లో చదువుతూ అక్కడే బండ మీద కూర్చుండిపోయా. అందులో అయిదుగురు యవన రాజుల పేర్లు ఉన్నాయి. అంతియోకుడు, తురమాయుడు, అంతికిని, మక, అలికసుందరుడు. తురమాయుడు అంటే ఈజిప్టును ఏలిన గ్రీకు రాజు టోలెమీ. ఇంకో వింత ఏంటంటే, అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఎద్దు మడక దున్నుతూ చాలు చివర తిరుగుతుందే, అచ్చం అట్లా. అట్లా రాసే పద్ధతికి ఉన్న పేరు కూడా గ్రీకు మాటే, దాని అర్థం ఎద్దు తిరిగినట్టు అని.

అంటే 2200 ఏళ్లకు పైగా గ్రీకు రాజుల పేర్లు మా బైక్ దూరంలో ఉన్నాయి, నేనేమో వాళ్ల దేశానికి వెళ్లడానికి లోన్ లెక్క వేస్తున్నా!

అక్కడ మొదలైంది. ఇంటికొచ్చి వెతికితే ఇంకొకటి దొరికింది. 1వ శతాబ్దంలో ఈజిప్టులో ఉన్న ఒక వ్యాపారి గ్రీకు భాషలో ఒక పుస్తకం రాశాడు, పెరిప్లస్ అని. ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఇప్పటి ట్రావెల్ వ్లాగ్‌కు తాత అనుకోండి. ఈ రేవు, తర్వాత ఈ రేవు, ఇక్కడ ఏం అమ్ముతారు, ఏం కొంటారు, ఏ నెలలో బయలుదేరాలి. ఇండియాకు రావాలంటే ఈజిప్టు నుంచి జూలైలో బయలుదేరాలి అని రాశాడు. ఎందుకంటే అప్పుడు నైరుతి గాలి వెనక నుంచి తోస్తుంది. ఆ పుస్తకంలో మసాలియా అనే ప్రాంతం ఉంది. అక్కడ సన్నని నూలు బట్టలు చాలా తయారవుతాయని ఉంది. అది మన మచిలీపట్నం వైపే అని చరిత్రకారులు చెబుతారు.

2వ శతాబ్దంలో టోలెమీ అని ఇంకొకాయన వచ్చాడు. ఈయన రాజు టోలెమీ కాదు, భూగోళం రాసిన టోలెమీ. ఆయన మన తీరంలో కొంటకొస్సిల అనే ఊరు రాశాడు. అది కృష్ణా జిల్లా ఘంటసాల. మన తీరంలోనే ఒక చోటు నుంచి ఓడలు గట్టు వదిలేసి, నేరుగా తూర్పు దేశాలకు సముద్రం మీద పడతాయని కూడా రాశాడు. మన వైపు నుంచి కూడా సాక్ష్యం ఉంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది.

అంటే గ్రీకులు అప్పుడే మన రేవుల వ్లాగ్ తీశారు. నేనేమో వాళ్ల రేవుల వ్లాగ్ చూస్తూ కూర్చున్నా. అందుకే ప్లాన్ మార్చా. మన తీరం 974 కిలోమీటర్లు అని చిన్నప్పుడు బట్టీ పట్టాం కదా, ఆ తీరంలో ఒకప్పుడు తెరచాప పడవలు ఆగిన చిన్న రేవులు చూద్దామని బయలుదేరా. మార్చిలో. పిల్లలకు సెలవులు ఇంకా ఇవ్వలేదు, బీచ్‌లు ఖాళీ. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు చేపల వేట నిషేధం ఉంటుంది, అది కూడా ఇంకా రాలేదు. అంటే తీరంలో టూరిస్టులు ఉండరు, పని చేసేవాళ్లు ఉంటారు.

నిజం చెప్పేస్తా. ఊరి నుంచి ఊరికి తెరచాపతో తీసుకెళ్లే పడవ నాకు దొరకలేదు. అలాంటివి ఇప్పుడు తిరగడం లేదు. నేను తిరిగింది ఆర్టీసీ బస్సు, షేర్ ఆటో, ప్యాసింజర్ రైలు. కానీ ఒక రూల్ పెట్టుకున్నా. గాలి ఎటు తీసుకెళ్తుందో అటే వెళ్లాలి. మార్చిలో మన తీరంలో గాలి దక్షిణం వైపు నుంచి వీస్తుంది, పాత పడవలు అప్పుడు ఉత్తరానికి పోయేవి. అందుకే దక్షిణం నుంచి మొదలుపెట్టా. మొదటి రేవు మోటుపల్లి.

మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో, చినగంజాం మండలంలో ఉంది. చీరాల నుంచి ఆటో మారుతూ వెళ్లా. ఊరు చూస్తే ఇది ఒకప్పుడు అంతర్జాతీయ రేవు అని చెప్తే నమ్మరు. సరుగుడు తోటలు, ఇసుక, పాత గుడి. ఆ వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక శాసనం ఉంది. కాకతీయ గణపతిదేవుడు వేయించాడు, 1244-45లో. దాన్ని అభయ శాసనం అంటారు.

అందులో ఏముందో నా మాటల్లో చెప్తా. అంతకుముందు రాజులు ఏం చేసేవాళ్లంటే, తుపానుకు ఓడ దారితప్పి, దెబ్బతిని తీరానికి కొట్టుకొస్తే, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, సరుకు అంతా లాక్కునేవాళ్లు. గణపతిదేవుడు అది ఆపేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాడి సొమ్ము ప్రాణం కంటే ఎక్కువ, పన్ను తప్ప ఇంకేదీ తీసుకోం, మిగతాదంతా వాడిదే అని రాతి మీద రాయించాడు. ఆ పన్ను కూడా ముప్పైలో ఒక వంతు. కర్పూరం, చీనా పట్టు, ముత్యాలు, దంతం, గంధం, వేటికి ఎంతో లెక్క కూడా చెక్కించాడు. మన భాషలో చెప్పాలంటే, టర్మ్స్ అండ్ కండిషన్స్ అందరికీ కనపడేలా పెట్టాడు.

తర్వాత కొన్నేళ్లకు వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యం గురించి రాశాడు. ముత్ఫిలి అన్నాడు, అది మోటుపల్లే. ఇక్కడ ఒక రాణి పాలన ఉందని, ఆమె చాలా న్యాయంగా ఏలుతుందని రాశాడు. మన రుద్రమదేవి అన్నమాట. వానలు పడ్డాక వాగుల్లో వజ్రాలు వెతుకుతారని కూడా రాశాడు. అది చదివి నవ్వొచ్చింది. తొలకరి పడితే చాలు, మా జొన్నగిరి, తుగ్గలి చుట్టూ పొలాల్లో జనం తల వంచుకుని వజ్రాలు వెతుకుతూ తిరుగుతారు కదా, ఇప్పటికీ!

ఆ సాయంత్రం ఇసుకలో కూర్చుని అమ్మకు ఫోన్ చేశా.

"యాడుండావు నాయనా?" అంది.

"చినగంజాం దగ్గర మా. చీరాల అవతల. సముద్రం కాడ."

"చీరాల అంటే గుంటూరు పక్కనే గదా?"

"ఊ. గంటన్నర, రెండు గంటలు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "సముద్రం అంత దగ్గరుందా? అన్నేండ్లు ఆడికే పోతాంటిమి గదప్పా. ఎవురూ చెప్పనే లేదు."

మా వైపు వాళ్లకు ఈ మాట అర్థమై ఉంటుంది. మిగతావాళ్లకు చెప్తా. ఆలూరు, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానలు లేక పంట పోయిందంటే, ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు వెళ్తాయి. మొదట పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయలు కోయడానికి. దీన్ని సుగ్గికి పోవడం అంటారు. లారీలో బియ్యం మూట, వంట సామాను, పసిపిల్లలు అన్నీ ఎక్కుతాయి. ఉగాదికి తిరిగొస్తారు. నా చిన్నప్పటి నుంచి బీటెక్ రెండో ఏడు దాకా మా అమ్మ, నాన్న ఇద్దరూ పోయేవాళ్లు. నేను మా అవ్వ దగ్గర ఉండేవాణ్ణి. ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. బడిలో హాజరు పిలిస్తే సగం పేర్లకు జవాబు ఉండదు.

ఆ రాత్రి చీరాలలో లాడ్జిలో పడుకున్నా గానీ నిద్ర పట్టలేదు. నేను "సీజన్‌కు ముందు" అని స్టైల్‌గా ప్లాన్ వేసుకున్న ఆ మార్చి నెల, మా ఇంట్లో పదిహేనేళ్లు మిరప కోతల నెల.

సరే, ప్రయాణం ఆపలేదు. రెండో రోజు ఘంటసాల, మచిలీపట్నం. ఘంటసాలలో మ్యూజియం ఉంది, బౌద్ధ స్తూపం ఉంది. ఇక్కడి పాత శాసనాల్లో మహానావికుడు అనే మాట ఉంది. నౌకలు నడిపే పెద్ద మనిషి స్తూపానికి దానం చేశాడన్నమాట. కానీ ఊరి నుంచి ఎటు చూసినా వరి, చెరకు, కొబ్బరి. సముద్రం కనుచూపు మేరలో లేదు. రేవు ఊరికి సముద్రమే దూరమైపోయింది!

ఇది ఎందుకు జరిగిందో నాకు అక్కడ అర్థమైంది. గ్రీసు తీరం అంతా కొండలు, మలుపులు. ప్రతి మలుపులో సహజంగానే ఒక దాపు ఉంటుంది. మన తీరం చాలావరకు తిన్నగా, ఇసుకగా ఉంటుంది. దాపు దొరికేది ఎక్కువగా నది కలిసే చోటే. కళింగపట్నానికి వంశధార, భీమిలికి గోస్తనీ, కోరంగికి గోదావరి పాయ, బందరుకు కృష్ణ డెల్టా. కానీ నది ఊరికే రాదు కదా, మట్టి తెస్తుంది. రేవు పూడిపోతుంది, గట్టు ముందుకు జరుగుతుంది. ఏ నది రేవును ఇచ్చిందో అదే నది దాన్ని పూడ్చేసింది.

బందరుకు పూడిక ఒక్కటే కాదు, తుపాన్లు కూడా. ఇంగ్లీషు వాళ్లు 1611లో వ్యాపారానికి దిగిన ఊరు ఇది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. అందుకే పాత రోజుల్లో అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా పెద్ద ఓడలు ఈ తీరం దగ్గర నిలిచేవి కావు. గ్రీసు వాళ్లకు మెల్టెమి కేలెండర్ ఉన్నట్టే, మనకు ఇదొక కేలెండర్.

మూడో రోజు కోరంగి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉంటుంది. ఇప్పుడు అందరికీ మడ అడవులు, చెక్క బాట, అక్కడ తీసుకున్న సెల్ఫీలు తెలుసు. నేను వెళ్లిన రోజు వారం మధ్యలో, ఆ బాట మీద నాతో పాటు నలుగురే. పిట్టల శబ్దం, బురదలో పీతలు, అంతే. కానీ ఇది ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. కోరంగి, తాళ్లరేవు వడ్రంగులు కట్టిన చెక్క ధోనీలు తెరచాపలతో బర్మా, సిలోను దాకా వెళ్లేవి.

1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన ఈ ఊరిని ముంచేసింది. మనం టీవీలో రోజూ వినే సైక్లోన్ అనే మాట ఉంది కదా, దాన్ని తయారుచేసింది హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, కలకత్తాలో ఉండేవాడు. పాము చుట్ట చుట్టుకున్నట్టు గాలి తిరుగుతుందని గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. కోరంగి ఉప్పెన గురించి కూడా ఆయన రాశాడు. చూడండి, గ్రీకు నన్ను అక్కడ కూడా వదల్లేదు.

కోరంగి పేరు ఇంకో చోట మిగిలింది. బర్మాలో, మలయాలో తెలుగు కూలీలను కోరంగీలు అనేవాళ్లు. ఎక్కువమంది ఈ రేవు నుంచి ఓడ ఎక్కినందుకు ఆ పేరు. గౌరవంగా పిలిచిన పేరు కాదది. రంగూన్‌లో రేవు పని, బియ్యం మిల్లు పని, వరి కోతలు. చాలామంది కోతల సీజన్‌కు వెళ్లి తిరిగొచ్చేవాళ్లు. అది చదివినప్పుడు నాకు లారీ గుర్తొచ్చింది. వాళ్లదీ సుగ్గే. మధ్యలో సముద్రం ఉంది, అంతే తేడా.

ఆ రేవుకు ఏమైంది? ఒకపక్క పూడిక. గోదావరి మట్టితో ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల హోప్ ఐలాండ్ ఏర్పడింది, అదీ గత రెండు వందల ఏళ్లలోనే. ఇంకోపక్క ఆవిరి ఓడలు. ఆవిరి ఓడకు గాలితో పని లేదు, ప్రతి చిన్న ఊళ్లో ఆగే అవసరం లేదు. 1893 నాటికి బెజవాడ, వాల్తేరు మధ్య రైలు వచ్చింది. 1933లో వైజాగ్ హార్బర్ తెరిచారు. సరుకంతా నాలుగు పెద్ద చోట్లకు చేరింది. మధ్యలో హాప్‌లు తీసేస్తే నెట్‌వర్క్ స్పీడ్ పెరుగుతుంది, నిజమే. కానీ ఆ హాప్ ఒక ఊరు.

నాలుగో రోజు భీమిలి. డచ్చి వాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ సముద్రంలో కలిసే చోటు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. పొద్దున ఆరింటికి గట్టు మీద నిలబడితే పడవలు తిరిగి వస్తున్నాయి. అన్నీ ఇంజిన్ పడవలే. వాటి మధ్యలో ఒక చిన్న పడవ, ఇంజిన్ ఆపేసి, నీలం రంగు టార్పాలిన్ పరదాను చాపలా కట్టుకుని వస్తోంది. చప్పుడు లేదు. నేను నాలుగేళ్లు స్క్రీన్‌లో చూసింది ఎదురుగా వస్తోంది.

గట్టుకు చేరాక అందులో పెద్దాయన్ను అడిగా, "తాతా, ఇంజిన్ ఉంది కదా, తెరచాప ఎందుకు?" అని.

"డీజిలు మిగులుద్ది బాబూ," అన్నాడు. "ఇంజినుంటే గాలెటున్నా ఒకటే. చాపెత్తినోడికి గాలి చెప్పినట్టే." ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న చాపతోనే వేటకు పోయేవాడట. గాలి పడిపోతే తెడ్డు వేసుకుని రావడమే, ఇంట్లో వాళ్లు గట్టు మీద ఎదురుచూడడమే.

నేను పడవ ఎక్కుతానని అడగలేదు. వేట పడవల్లో ఊరికే ఎక్కి వెళ్లడం కరెక్ట్ కాదు, మీరు కూడా అడగొద్దు. ఆ పడవ వచ్చిన పది నిమిషాలు చూశా, చాలు.

ఇక్కడితో వీడియో అయిపోవాలి. కానీ వైజాగ్‌లో రైలు ఎక్కేటప్పుడు ఇంటికి ఫోన్ చేసి, అమ్మను గుంతకల్లులో గుంటూరు రైలు ఎక్కించమని నాన్నకు చెప్పా. ఒక్కదాన్నే ఎట్లా అని అమ్మ గొడవ. "పదిహేనేండ్లు లారీలో పోయినావు, రైల్లో రాలేవా" అన్నా. వచ్చింది.

గుంటూరు నుంచి చీరాల, అక్కడి నుంచి మోటుపల్లి. దారిలో కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అమ్మ కిటికీ నుంచి చూస్తూ ఇది ఏ రకమో, ఎన్నో కోతో చెబుతూనే ఉంది. నేను ఆ ఘాటుకు తుమ్ముతూనే ఉన్నా.

సముద్రం దగ్గరకు వెళ్లాక ఏమంటుందో రికార్డ్ చేద్దామని ఫోన్ ఆన్ చేసి పెట్టుకున్నా. చాలాసేపు చూసింది. చెయ్యి తడిపి నాలుక మీద పెట్టుకుంది. "ఇన్ని నీళ్లుండి ఏం లాభమప్పా, గొంతు తడుపుకునేకి పనికిరావు" అంది. ఆలూరు మనిషి ఇంకేమంటుంది!

తర్వాత గుడి దగ్గర శాసనం గురించి చెప్పా. పడవ మునిగిపోయి వచ్చినోడి సొమ్ము ముట్టుకోమని రాజు రాయించాడమ్మా, పన్ను ఇంత అని కూడా రాయించాడు, అని. అమ్మ ఆ రాయిని చూసింది.

"వాళ్లకు రాసిచ్చినాడు. మాకెవురు రాసిచ్చినారు?" అంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఏడాది, మేస్త్రీ సగం కూలీయే ఇచ్చి, మిగతాది ఉగాదికి ఇస్తానని చెప్పి మళ్లీ కనపడలేదు. ఎవరిని అడగాలి? కాగితం లేదు, లెక్క లేదు, ఆయన పూర్తి పేరు కూడా మా వాళ్లకు తెలీదు. మరుసటి ఏడు ఇంకో మేస్త్రీతో మళ్లీ లారీ ఎక్కారు. ఓడ ఎక్కి వచ్చిన వర్తకుడికి 1244లో ఉన్న హామీ, లారీ ఎక్కి వచ్చిన మా అమ్మకు లేదు.

చట్టం లేదా అని మీరు అడగొచ్చు. వలస కూలీల చట్టం అని 1979లో ఒకటి చేశారు, 2025 దాకా అమల్లో ఉండేది, కానీ అది రాష్ట్రం దాటి వెళ్లేవాళ్లకే వర్తించేది. మనవాళ్లు జిల్లా దాటుతారు, రాష్ట్రం దాటరు. అసంఘటిత కార్మికులకు 2021 నుంచి ఈ-శ్రమ్ పోర్టల్ ఉంది, అందులో పేరు నమోదు చేయించండి. ఇంకా చిన్న పని ఒకటి చెప్తా, స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతి పిల్లోడూ చేయొచ్చు. మీ ఇంట్లోవాళ్లు సుగ్గికి పోయేముందు మేస్త్రీ ఫోటో, ఆధార్‌లో ఉన్న పేరు, లారీ నంబర్, కూలీ ఎంత అని ఆయన నోటితో చెప్పిన వాయిస్ రికార్డ్ తీసి పెట్టుకోండి. రాజు మనకు రాయి వేయించలేదు. మన చేతిలో ఫోన్ ఉంది, కనీసం అదైనా వాడదాం.

ఇక వెళ్లాలనుకునేవాళ్లకు త్వరగా చెప్పేస్తా. ఫిబ్రవరి నుంచి మార్చి చివర దాకా మంచి టైమ్, ఎండ ముదరదు, జనం ఉండరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా తీరానికి పోవద్దు. మోటుపల్లికి చీరాల దగ్గర, ఘంటసాలకు మచిలీపట్నం నుంచి బస్సు, కోరంగికి కాకినాడ నుంచి, భీమిలికి వైజాగ్ నుంచి. నదీ ముఖాల దగ్గర ఈతకు దిగొద్దు, లోపల లాగేస్తుంది. శాసనాల మీద సున్నం, సుద్ద రాయొద్దు ప్లీజ్.

గ్రీసు మీద కోపం ఏం లేదు. డబ్బులు కుదిరితే ఒక ఏప్రిల్‌లో పోతా. అక్కడి ముసలాయన ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగితే, మీ రాజుల పేర్లు రాసి ఉన్న రాయి పక్క ఊరు నుంచి అని చెప్తా.

మీ ఇంట్లో సుగ్గికి పోయినవాళ్లు ఉంటే, వాళ్లు సముద్రం చూశారా లేదా అడిగి కామెంట్‌లో రాయండి. నేను అన్నీ చదువుతా. ఉంటానప్పా, మళ్లీ కలుద్దాం.